అన్ని పరీక్షల్లోనూ నెగ్గిన పడవ

నీటిని తాకకముందే అన్ని పరీక్షలూ జరుపుకొని, అన్నిటిలోనూ ప్రశంసలతో సహా ఉత్తీర్ణత సాధించిన పడవ ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది పళ్ళ డాక్టరుగారి తెరచాప పడవ. దాని గురించి గిట్టనివాళ్ళు రకరకాల మాటలు పుట్టిస్తున్నందున, జరిగింది జరిగినట్టు చెప్పవలసిన బాధ్యత మామీద పడింది.

పళ్ళ డాక్టరు నెమ్మదస్తుడు. ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించి, తన నోరు మూసుకుని పనిచేసుకోవడం ఆయన వృత్తిధర్మం. క్లినిక్కు కిటికీలోంచి చూస్తే రేవు, రేవు అవతల సముద్రం, సముద్రంలో దీపస్తంభం ఉన్న చిన్న దీవి కనిపిస్తాయి. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్యను ఆ కిటికీ దగ్గర నిలబెట్టి, "ఎప్పటికైనా నిన్ను పడవలో అక్కడికి తీసుకెళ్తాను" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో మగవాళ్ళు చాలా మాటలంటారు. ఆవిడ మరిచిపోలేదు, అదొక్కటే వచ్చిన చిక్కు.

"అప్పట్లో దీపస్తంభం మెట్లు కూడా కనబడేవి," అంది ఆవిడ ఒక ఉదయం, కిటికీ తుడుస్తూ. "ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటే గాని దీవే కనబడ్డం లేదు. ఇంకొన్నాళ్ళు పోతే మీరు చెయ్యి పట్టుకుని చూపించాలి."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. రేవు పక్క షెడ్డులో దిక్కూమొక్కూ లేకుండా పడి ఉన్న పాత పడవనొకదాన్ని డాక్టరు తీసుకున్నాడు. గీకాడు, రుద్దాడు, రంగు వేశాడు. పడవలు బాగుచేసే మేస్త్రీని సాయం పట్టాడు. మేస్త్రీ అజాతశత్రువు. ఎవరేమన్నా "తమరెలా అంటే అలా" అంటాడు. ఇద్దరు ఒకదానికొకటి పొసగని రెండు మాటలన్నా రెండింటికీ అదే జవాబు. తెరచాపను డాక్టరుగారి భార్య కుట్టింది. వానాకాలమంతా కుట్టు మిషను ముందు కూర్చుని కుట్టింది. హాలంతా గుడ్డ పరుచుకుపోయి, వంటింట్లోంచి పడకగదికి పోవాలంటే ఆ గుడ్డ కింద వంగి దూరి పోవలసి వచ్చేది. ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాలు తరచుగా గుడ్డ కింద ఎదురుపడి నవ్వుకునేవారని తెలుస్తోంది.

ఆ ఊపులోనే పడవను నీళ్ళలోకి తోసేసి ఉంటే గొడవ లేకపోయేది. కాని దానికి రేవు అధికారి అనుమతి కావాలి. రేవు అధికారి డాక్టరుగారి మామగారికి పూర్వ శిష్యుడు. మామగారు హెడ్మాస్టరుగా పనిచేసి, విశ్రాంతి తీసుకోవలసి ఉండి, తీసుకోనివారు.

"అల్లుడుగారూ, పరీక్ష పెట్టకుండా నేనెవర్నీ పై తరగతికి పంపలేదు," అన్నారాయన. "మీ పడవని మాత్రం ఎలా పంపుతాను?"

ఆ సాయంత్రానికల్లా పడవ పరీక్షల సంఘం ఏర్పడింది. మామగారు అధ్యక్షులు, రేవు అధికారి కార్యదర్శి, మేస్త్రీ సాంకేతిక సలహాదారు. పడవ డాక్టరుగారిదే గనక మానవతా దృక్పథంతో ఆయన్ని కూడా సభ్యుడిగా చేర్చుకున్నారు. ఓటు ఇవ్వలేదు.

పడవలోకి నీళ్ళు వస్తాయా రావా అన్నది మొదటి పరీక్ష.

"నీళ్ళలో పెడితే తెలిసిపోతుంది కదా నాన్నా," అంది డాక్టరుగారి భార్య, సభ్యులకు టీ పోస్తూ.

మామగారు జాలిగా నవ్వారు. "వస్తే? పడవ మునిగిపోదూ? పరీక్ష రాస్తూ రాస్తూ పిల్లవాడు పోతే ఆ పరీక్ష ఎవరికోసమమ్మా?"

కాబట్టి పడవ దిమ్మెల మీదే ఉండిపోయింది. నీటికి లోపలా బయటా అనే భేదం లేదని రేవు అధికారి శాస్త్రీయంగా నిరూపించారు. లోపల పోసిన నీళ్ళు బయటికి పోకపోతే, బయటి నీళ్ళు లోపలికి రావు. ఆ సూత్రం ప్రకారం బకెట్లతో పడవ నిండా నీళ్ళు పోశారు. పోసినవి పోసినట్టే వెనకవైపు అడుగునుంచి ధార కట్టాయి. సభ్యులందరి చెప్పులూ తడిశాయి.

డాక్టరు పడవ కిందికి దూరాడు. పళ్ళు పరీక్షించే సన్నటి కొక్కెం ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీసి చెక్కలో గుచ్చితే సగందాకా దిగింది. అలవాటు చొప్పున "ఇక్కడ నొప్పిగా ఉందా?" అని అడిగి, నాలుక కరుచుకుని, బయటికొచ్చాడు.

"పుచ్చిపోయింది మావయ్యగారూ. చిన్నదే. ఇవాళే పూడ్చేస్తే సరిపోతుంది."

"పుచ్చు అనకండి," అన్నారు మామగారు. "మనం పోసిన నీళ్ళేమయ్యాయి?"

"బయటికి పోయాయి."

"ఎవరైనా తోడారా?"

"లేదు."

"మరి? లోపలికొచ్చిన నీటిని ఎవరూ చెప్పకుండానే బయటికి పంపేస్తోంది. దీన్ని లోపం అంటారా, ప్రతిభ అంటారా?"

మేస్త్రీని అడిగితే తమరెలా అంటే అలా అన్నాడు. ఆ రంధ్రానికి స్వయంచాలిత జలనిర్గమ మార్గం అని పేరు పెట్టి, ఎవరూ పొరపాటున పూడ్చకుండా చుట్టూ ఎర్ర రంగుతో గీత గీశారు. పడవ తన నీళ్ళు తానే తోడుకుంటున్నప్పుడు నీళ్ళు తోడే పంపు దండగ గనక దాన్ని ఊడదీశారు. ఊడదీసిన పంపు వృథా కాకుండా రేవు అధికారి తమ పెరట్లో మొక్కల నిమిత్తం స్వీకరించారు.

డాక్టరు ఏదో అనబోయాడు. మామగారు ఆయన భుజం తట్టారు.

"మీలాంటి అర్థం చేసుకునే సభ్యుడు దొరకడం సంఘానికి అదృష్టం అల్లుడుగారూ."

పొగడ్త కూడా మత్తుసూది లాంటిదే. ఎక్కడ పొడుస్తారో అక్కడ ఆ తర్వాత ఏం పెరికినా తెలియదు. ఇది డాక్టరుకు వృత్తిరీత్యా తెలిసిన విషయమే. కాని సూది వేసే చేతికి సూది పోటు కొత్త.

తరువాత తెరచాప పరీక్ష. షెడ్డులో గాలి లేకపోవడంతో క్లినిక్కులోంచి పెద్ద ఫ్యాను తెప్పించారు. ఫ్యాను తిరగ్గానే తెరచాప పొట్ట ఉబ్బించి, దానికి కట్టిన వాసాన్ని విసురుగా తిప్పి, కార్యదర్శిగారి టోపీని రంగు డబ్బాలో పడేసింది. పడవలు తెలిసినవాళ్ళెవరైనా అక్కడుంటే చప్పట్లు కొట్టేవారు. సంఘం మాత్రం అత్యవసరంగా సమావేశమైంది.

"గాలి తగిలితే చాలు, పొంగిపోతోంది," అన్నారు రేవు అధికారి, టోపీ తుడుచుకుంటూ. "ఇలాంటి స్వభావంతో సముద్రంలోకి వెళ్తే ఎటు కొట్టుకుపోతుందో ఎవరు చెప్పగలరు?"

గాలి ఇబ్బంది లేకుండా సాగిపోవడానికి తెరచాపలో కిటికీలు పెట్టాలని తీర్మానించారు. మేస్త్రీ కత్తెర తీశాడు. డాక్టరుగారి భార్య వచ్చేసరికి రెండో కిటికీ నడుస్తోంది.

"నాన్నా, ఏం చేయిస్తున్నారు?"

"గాలి పోవడానికి దారమ్మా."

"గాలి పోకుండా ఆపడానికే కదా నేను కుట్టింది."

"నువ్వు కుట్టావు గనక నీకు మమకారం. మమకారం ఉన్నవాళ్ళు పరీక్షకులుగా పనికిరారు. నేను నీ పదో తరగతి పేపర్లు దిద్దానా?"

ఆవిడ మొగుడి వంక చూసింది. డాక్టరు ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను బాగానే తిరుగుతోంది. కిటికీలు పెట్టాక తెరచాప ఎంత గాలికీ చలించక నిర్వికారంగా వేలాడిందని, యోగులకు మాత్రమే సాధ్యమైన స్థితికి చేరుకుందని అధ్యక్షులవారు కొనియాడారు.

లంగరు పరీక్ష అద్భుతంగా జరిగింది. లంగరు వేయకముందు పడవ కదలలేదు. వేశాక కూడా కదలలేదు. దిమ్మెల మీద ఉంది గనక కదలలేదేమోనని డాక్టరు సందేహం వెలిబుచ్చగా, సందేహాలు చివర్లో తీసుకుంటామన్నారు. లంగరు నేరుగా వెళ్ళి కార్యదర్శిగారి సైకిలు చక్రాన్ని వంచిన విషయాన్ని బలానికి నిదర్శనంగా పరిగణించారు. దిక్సూచి దగ్గర మాత్రం కొంచెం ఆగవలసి వచ్చింది. పడవను ఎటు తిప్పి నిలబెట్టినా దాని ముల్లు ఉత్తరం వైపే చూస్తోంది. పెద్దలు ఎంత నచ్చజెప్పినా మొండికేసింది. చివరికి ముల్లును పడవ ముక్కు వైపు తిప్పి జిగురుతో అంటించారు. ఇకమీదట పడవ ఎటు పోతే అదే ఉత్తరం, దారి తప్పడమన్న ప్రశ్నే లేదు. లైఫ్ జాకెట్లు వేసుకుంటే ఫొటోలో అందరూ లావుగా కనిపిస్తారు గనక వాటిని పెట్టెలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి నీళ్ళలో పడిపోయే ప్రమాదం ఉంది గనక ఒడ్డున కార్యాలయంలో భద్రపరిచారు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర డాక్టరుగారి భార్య కంచం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"అది తేలుతుందనుకుంటున్నారా?"

"ఇంతమంది పెద్దవాళ్ళు చూశారు."

"నేను వాళ్ళని అడగలేదు. మిమ్మల్ని అడిగాను."

డాక్టరు ముద్ద కలిపి, మళ్ళీ కంచంలో పెట్టాడు. లోలోపల ఆయనకు తెలుసు. కొక్కెం సగందాకా దిగిన చెక్కను గురించి ఏ పళ్ళ డాక్టరుకూ రెండో అభిప్రాయం ఉండదు. కాని అధ్యక్షుడు మామగారు, కార్యదర్శి అధికారి, ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథికి పిలుపు వెళ్ళిపోయింది. ఇప్పుడు నోరు విప్పితే ఇన్నాళ్ళూ ఎందుకు విప్పలేదంటారు. "పళ్ళు తోముకుని వస్తాను" అని లేచి వెళ్ళాడు. భోజనానికి ముందు పళ్ళు తోముకున్న మొదటి దంతవైద్యుడిగా ఆయన పేరు చరిత్రలో నిలిచిపోతుంది.

ప్రారంభోత్సవం ఎండ కాసిన ఒక ఉదయం జరిగింది. బ్యాండు, రిబ్బను, కుర్చీలు, కుర్చీల కోసం వచ్చిన జనం, అన్నీ అమిరాయి. ముఖ్య అతిథి ఆ ఊళ్ళో ప్రతిదాన్నీ ప్రారంభించేవారు. వంతెనలు, పార్కులు, ఒకే దుకాణాన్ని రెండుసార్లు, ఇలా అనుభవం పుష్కలంగా ఉన్న మనిషి. ఆయన, మామగారు, రేవు అధికారి, డాక్టరు పడవలో నిలబడ్డారు. డాక్టరుగారి భార్యను కూడా ఎక్కమన్నారు. ఆవిడ ఒడ్డునే ఉంటానంది.

రిబ్బను తెగింది. పడవ దుంగల మీద జారుకుంటూ నీళ్ళలోకి దిగి, ఒక్క క్షణం అందంగా ఊగింది. ఆ క్షణం మాత్రం డాక్టరు గుండె ఎగిసిపడింది. తర్వాత చూసుకుంటే మడమలు తడిగా ఉన్నాయి.

ముఖ్య అతిథి మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా. చాలామంది పడవలు చేస్తారు, నీళ్ళలో వదుల్తారు, మునిగాక ఏడుస్తారు. ముందుచూపు లేకపోవడమే దానికి కారణం. ఈ పడవను చూడండి. ఇది క్రమశిక్షణలో పెరిగిన పడవ."

అప్పటికి నీళ్ళు పిక్కలు దాటాయి. మామగారు ప్యాంటు కొంచెం పైకి లాక్కుని, ఉపన్యాసంలో లీనమయ్యారు. రేవు అధికారి డాక్టరు చెవిలో, "పరీక్షప్పుడూ ఇలాగే వచ్చాయి, పోయాయి. ఇవీ పోతాయి" అన్నారు. ఎర్ర గీత నడుమనుంచి నీళ్ళు చక్కగా, తమకోసమే కట్టిన ద్వారంలోంచి వచ్చినట్టు మర్యాదగా లోపలికి వస్తున్నాయి. ఒడ్డున ఉన్న జనం అంతా చూస్తున్నారు. చూస్తున్నవాళ్ళంతా పక్కవాళ్ళని చూస్తున్నారు.

"ఏమండీ, నీళ్ళొస్తున్నాయి," అంది డాక్టరుగారి భార్య.

గట్టిగా అనలేదు. మామూలుగానే అంది. కాని బ్యాండు ఆగి ఉండడం వల్ల అందరికీ వినబడింది. ముఖ్య అతిథి వాక్యం మధ్యలో ఆగారు.

మామగారు మైకు తీసుకున్నారు. "ఆడపడుచులకు మాట్లాడే అవకాశం వందన సమర్పణ తర్వాత ఉంటుంది."

"నేను మాట్లాడ్డం లేదు నాన్నా. నీళ్ళొస్తున్నాయని చెప్తున్నాను." ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "మీరు చెప్పండి. మీ పడవే కదా."

ఊరంతా డాక్టరు వైపు చూసింది. ఆ ఊళ్ళో ఆయనకు నోరు తెరిచి చూపించని మనిషి లేడు. ఇప్పుడు వాళ్ళంతా ఆయన నోటి వంక చూస్తున్నారు. నీళ్ళు మోకాళ్ళ పైకి వచ్చాయి. ఆయన భార్య ముఖం చూశాడు, మామగారి ముఖం చూశాడు, మైకు చూశాడు.

"కొంచెం చల్లగా ఉంది," అన్నాడు. "హాయిగా ఉంది."

జనం ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు. డాక్టరుగారి భార్య చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె అలా వెళ్ళడం డాక్టరుకు మాత్రమే కనిపించింది, మిగతావాళ్ళు పడవలో ఉన్న పెద్దలను చూసే పనిలో ఉన్నారు.

రేవులో అక్కడ లోతు తక్కువ. నడుముల దాకా నీళ్ళు వచ్చాక పడవ బురదలో కుదురుగా కూర్చుంది. ముఖ్య అతిథి మైకును నెత్తిమీద పట్టుకుని ఉపన్యాసం ముగించారు. "నేను ఎన్నో పడవలెక్కాను. ప్రతిదీ ఊగింది, కుదిపింది, కడుపులో తిప్పింది. ఇంత స్థిరమైన పడవను నా జీవితంలో చూడలేదు." ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. పడవ ఊగలేదు, బోర్లా పడలేదు, దారి తప్పలేదు. పెద్దలు హుందాగా ఈదుకుంటూ కొంత, నడుచుకుంటూ కొంత ఒడ్డుకు చేరి, తడిబట్టలతో గ్రూపు ఫొటో దిగారు. పడవ నీటిలోకి సంపూర్ణంగా ప్రవేశించిందని మర్నాడు పత్రికలో వచ్చింది.

ఆ తర్వాత డాక్టరుగారి పరపతి పెరిగింది. మోకాళ్ళు దాటిన నీళ్ళలో నిలబడి హాయిగా ఉందన్న మనిషి గనక, నొప్పి ఉండదని ఆయన చెబితే రోగులు నమ్మారు. మామగారికి జలుబు చేసి, ఛాతీకి దిగి, ఇక విశ్రాంతి తప్పదని తేలడంతో సంఘం అధ్యక్ష పదవి అల్లుడికి సంక్రమించింది. ఇప్పుడు ఓటు కూడా ఉంది. ఇంట్లో మాత్రం మాటలు తగ్గాయి. "భోజనం పెట్టాను" అనేది ఒకటి, "తలుపు వేసుకోండి" అనేది ఒకటి మిగిలాయి.

కొన్నాళ్ళకు, పోటు తీసి రేవులో నీళ్ళు తగ్గిన ఒక రోజున, డాక్టరుగారి భార్య మేస్త్రీని వెంటబెట్టుకుని రేవుకు వెళ్ళింది. పడవను పైకి లాగించమంది. తమరెలా అంటే అలా అన్నాడు. పుచ్చు చెక్క తీసేసి కొత్త చెక్క వేయమంది. తమరెలా అంటే అలా అన్నాడు. తెరచాప కిటికీలకు ఇంట్లో దిండు గలీబులు తెచ్చి తనే అతుకులు వేసింది. పూల గలీబులు కొన్ని, గళ్ళవి కొన్ని. దిక్సూచి జిగురు గోకేసింది. తర్వాత ఎవరినీ అడగకుండా పడవను నీళ్ళలో పెట్టి చూసింది. తేలింది.

ఆవిడ తడి చీరతోనే క్లినిక్కుకు వచ్చింది. కుర్చీలో ఒక రోగి నోరు తెరుచుకుని ఉన్నాడు.

"పడవ తేలుతోంది," అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ ముఖంలో నవ్వు ఉంది. "గాలి కూడా బాగుంది. రండి, దీవికి పోదాం."

డాక్టరు కాళ్ళు నిజంగానే ఒక అడుగు వేశాయి. కాని కుర్చీలోని రోగి నోరు తెరుచుకునే ఆయన వంక చూస్తున్నాడు. రేపు ఊళ్ళో చెప్పేవాళ్ళు రోగులే.

"దానికి పరీక్షలు అయ్యింది మార్పులు చేయకముందు కదా," అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "ఇప్పుడు అది వేరే పడవ కింద లెక్క. సంఘం మళ్ళీ చూడాలి. అధ్యక్షుడిగా నేనే ముందు ఎక్కేస్తే ఏం బాగుంటుంది?"

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు ఆ తర్వాత చాలాసార్లు అనిపించింది.

"సరే, నేను వెళ్ళొస్తాను," అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం డాక్టరు రోగి పంటి మీద పనిచేస్తూ కిటికీలోంచి చూశాడు. పూల గలీబులూ గళ్ళ గలీబులూ పొట్టలు ఉబ్బించుకుని, ఎండలో మెరుస్తూ, దీపస్తంభం వైపు పోతున్నాయి. చుక్కాని దగ్గర ఒక్క మనిషే. డాక్టరు పుక్కిలించమని రోగికిచ్చిన నీళ్ళు తనే తాగేశాడు.

సంఘం ఆ వారమే సమావేశమై, అనుమతి లేకుండా తేలుతున్నందుకు పడవ వివరణ ఇచ్చుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. అధ్యక్షుడు అనుకూలంగా ఓటేశాడు. ఆయన వేసిన మొదటి ఓటు అది. ఆవిడ ఆ తీర్మానాన్ని అతుకుల కింద దన్నుగా కుట్టేసుకుందని చెబుతారు. ఇప్పుడు వారానికోసారి వెళ్ళొస్తుంది. దీపస్తంభం మెట్లు ఎక్కితే మన ఊరు ఎలా ఉంటుందని డాక్టరు ఒకసారి అడిగాడు. "చిన్నగా ఉంటుంది," అంది.

ఇంత పేరున్న సంఘాన్ని పడవతో సరిపెట్టడం భావ్యం కాదని, రోజూ ఉదయం సాయంత్రం జనాన్ని రేవు దాటించే పెద్ద లాంచీ పరీక్ష కూడా ఈ మధ్య దానికే అప్పగించారు. డాక్టరు స్వయంగా అడుగుదాకా దిగి చూశాడు. వెనకవైపు ఒకచోట కొక్కెం కొంచెం లోతుగానే దిగిందని అంటారు. ఆయన పైకొచ్చి సభ్యుల ముఖాలు చూశాడు. సభ్యులు ఆయన ముఖం చూశారు. లాంచీ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణమైంది.

మీరు రోజూ పనికి వెళ్ళేది దాంట్లోనే. కంగారు పడవలసిన పని లేదు. ఎప్పుడైనా అరికాళ్ళ కింద తడిగా అనిపిస్తే, ఒక్కసారి పక్క సీటు ఆయన ముఖం చూడండి. ఆయనేమీ అనడం లేదు కదా. ఆయన కూడా అప్పటిదాకా మీ ముఖమే చూస్తూ కూర్చున్నాడు.